గిట్ల

నల్లగొండ కలెక్టరేటు ఎదురుంగ
రేకుల షెడ్డుల నా జిరాక్సు దుకాణం.
కుర్చీకి మూడు కాళ్ళు సొంతం, నాలుగోది ఇటుక.
అర్జీకి ముప్పై రూపాయలు,
పేజీ దాటితె నలభై.

సోమవారం సోమవారం సైదమ్మ వస్తది
మర్రిగూడ దిక్కు నుంచి.
కూసోమంటె కూసోదు, మోకాళ్ళు వంగవు.
గోడకు ఆనుకొని చెప్తది:
"సారూ, బోరు నీళ్ళు తాగి తాగి
నా కీళ్ళు గిట్లయినయి.
నల్లా నెలకు నాలుగొద్దులే వస్తది.
జెర మా దిక్కు సూడున్రి."

ఆమె నోట్లెకెల్లి మాట పడుడే ఆలస్యం,
తెర మీద దాని కింద ఎర్ర గీత.
గిట్ల కింద ఎర్రగ.
నాలుగొద్దుల కింద ఎర్రగ.
జెర కింద
పంతులు బెత్తం వాత తీరు ఎర్రగ.

పదకొండేండ్లు
కంప్యూటరు ఏ మాట చూపిస్తె ఆ మాటే నొక్కిన.
"ఈ విధంగా" అని. "దయచేసి" అని.
ఒకనాడు చదివి వినిపిస్తె
సైదమ్మ అన్నది:
మంచిగున్నది బిడ్డా,
ఎవలిది ఇది?

షట్టరు సగం దించి
ఆ తప్పులు పట్టే పెట్టె ఎక్కడిదో ఎతికిన.
తాళం లేదు దానికి.
ఎవలైన తెరువొచ్చు, ఎవలైన కలుపొచ్చు,
కలిపేటందుకు ఒక పద్ధతి ఉన్నదంట,
పేరు గిట్.
నవ్వొచ్చింది.
ల ఒక్కటే తక్కువ.

మొత్తం మూటకు నకలు దింపుకున్న
ఫోన్ హాట్‌స్పాట్ మీద, గంటన్నర.
కొమ్మ ఒకటి చీల్చి "సోమవారం" అని పేరు పెట్టిన.
పాత అర్జీలు తిరగేసుకుంట
వరసకొక మాట:
బుగులు. సోయి. అంబటాళ్ళ. యాష్ట.
తనాబ్బి దగ్గర చెయ్యి ఆగింది.
మా ఇంట్ల తనాబ్బి పూడ్చేసి ఎన్నేండ్లాయెనో.

కమిట్‌కు సందేశం రాయుమంటె
"మార్పులు" అని కొట్టి పంపిన.
తెల్లారి గువాహటి నుంచి జవాబు, హిమాద్రి అట:
ఏ మార్పులు? ఎందుకు?
నాకు తెలుగు రాదు. ఆధారం చూపగలరా?

ఏ నిఘంటువు చూపాలె?
దాంట్లె ఉంటె ఈ లొల్లి ఎందుకు?
మళ్ళ రాసిన:
"నలభై రెండు మాటలు కలిపిన.
పదకొండేండ్ల అర్జీలల్ల మనుషులు వాడినయి.
సంతకాలున్నయి. వేలిముద్రలున్నయి."

నడుమ ఇంకెవలో వచ్చిండు, తెలుగాయననే.
ఇది యాస, భాష కాదు అని
నేను కూసో అన్న వరసనే
కూర్చో అని దిద్దిండు.
యంత్రం ఆగింది.
ఎవలిది ఉంచాలె, నువ్వే చెప్పు అన్నది.
పైన ఎడమకు ఏడు బాణాలు,
కింద కుడికి ఏడు బాణాలు,
నడుమ ఏడు సమానం గుర్తులు.
సమానం, సమానం అనుకుంట
చాయ చల్లారేదాక చూసిన.
బాణాలు తుడిపేసిన.
కూసో, కూర్చో,
ఒకదాని కింద ఒకటి కూసున్నయి.
జాగ ఏం ఇరుకు గాలే.

పంతొమ్మిది రోజులు.
టోనరు అయిపోయింది, మళ్ళ వచ్చింది.
హిమాద్రి ఒక్క మాట రాసిండు: విలీనం.
కలిసిన వరసలు నలభై మూడు,
తీసేసినయి సున్నా.
సున్నా అంత మంచిగ ఎన్నడు కనవడలే.

ఎవలు ఏ వరస రాసిండ్రో గిట్ మరువదు.
తోటి రచయిత అని సైదమ్మ పేరు పెడదామంటె
మెయిల్ అడిగింది.
ఆమెకు ఉన్నది బొటనవేలు.
మాటలు ఆమెవి, పక్కన పేరు నాది,
చిలువేరు రామనర్సు.
ఈ బాకీ తీర్చే కమాండు
నాకైతె దొరకలే.

కొత్త వర్షన్ ఎక్కించిన సోమవారం
ఆమె గోడకానుకొని చెప్తుంటె కొట్టిన.
గిట్ల. కింద ఏం లేదు.
నాలుగొద్దులు. ఏం లేదు.
జెర. తెల్లగ, నున్నగ, సున్నమేసిన గోడ తీరు.
చదివి వినిపించిన.
ఊ అన్నది.
నల్లా అయితె ఇంక రాలే గద అన్నది.

అడుగున "ఇట్లు" అని కొట్టి
పేరు కొట్టిన.
సైదమ్మ కింద
ఎర్ర గీత.

కొంగుముడి ఇప్పి ముప్పై రూపాయలు ఇయ్యబోతుంటె
జెర ఆగమ్మా అన్న.
ఇంకో కొమ్మ చీలుస్తున్న.